తిరుగు ప్రయాణానికి నంబరు లేదు



మా మేనమామది బొబ్బిలి. ఎనభై దాటిన మనిషి. ఓసారి మమ్మల్ని చూసిపోదామని వచ్చాడు. తార్నాకలో మాది అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. వచ్చిన నాలుగో రోజు తెల్లవారుజామున బాత్రూములో జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. 108కి ఫోను చేశాం. బండి వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు పైకొచ్చి, మా చేత కూడా చేయి వేయించి, దించుకుని తీసుకెళ్లారు. పైసా అడగలేదు. ఆపరేషన్ అయింది, కుట్లు విప్పారు. అక్కడిదాకా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పని సాగిపోయింది.

ఆ తర్వాత డాక్టరు గారు, "ఇక ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు" అన్నారు.

ఇల్లంటే ఏ ఇల్లు? మామయ్య లెక్కలో తార్నాక ఇల్లు కాదు. మూడు వారాలు మా దగ్గర ఉన్నాడు గాని రోజూ ఒకటే పాట. "నన్ను ఊరు పంపించేయండ్రా. ఈ మేడ మీద నాకేటి పని?" తార్నాక నుంచి బొబ్బిలికి రోడ్డు మీద ఏడు వందల కిలోమీటర్ల పైమాటే. మనిషి బాగానే ఉన్నాడు, ప్రాణానికి భయం లేదు. కాకపోతే అరగంట మించి కూర్చోకూడదు, కాలి మీద బరువు పెట్టకూడదు అన్నారు. అంటే పడుకునే వెళ్లాలి. ఏ నంబరుకి ఫోను చెయ్యాలి?

అప్పుడు తెలిసింది, అలాంటి నంబరు లేదని.

108 మన దగ్గర, ఈ హైదరాబాదులోనే, 2005 ఆగస్టు 15న మొదలైంది. ఆ తర్వాత ఎన్నో రాష్ట్రాలు అందుకున్నాయి. దాని పని ఆపదలో ఉన్న మనిషిని దగ్గరలోని ఆస్పత్రికి చేర్చడం. కోలుకున్న మనిషిని ఊరికి దింపడం దాని పని కాదు, అడగడం కూడా న్యాయం కాదు. ఆ బండి బొబ్బిలి దారిలో ఉన్నప్పుడు హబ్సిగూడలో ఇంకెవరికో గుండె పట్టేస్తుంది. 102 బండి ఉంది, అది బాలింతలకి. ఆంధ్రలో తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ అంటారు, ప్రసవమయ్యాక తల్లినీ బిడ్డనీ ఇంటి దగ్గర దింపుతుంది. మనిషి పోతే తీసుకెళ్లడానికి ఆంధ్రలో మహాప్రస్థానం బళ్లున్నాయి. పుట్టినవాళ్లకీ, పోయినవాళ్లకీ ఏర్పాటుంది. నయమై మంచం మీదున్నవాడికే లేదు. ఆరోగ్యశ్రీలో వైద్యం చేయించుకున్నవారికి దారి ఖర్చు కూడా ప్యాకేజీలోనే ఉంటుంది. ఆ డబ్బు బస్సెక్కి కూర్చోగలిగేవాడికి సరిపోతుంది. పడుకునేవాడికి బస్సులో చోటేది?

మామయ్యని పంపించాక, మా క్యాంపస్‌లో ఇద్దరు ముగ్గురు తమ వాళ్ల కోసం నన్ను సలహా అడిగారు. అందుకే ఇవాళ ఈ సంగతి ఎంచుకున్నాను. నేను డాక్టర్ని కాను. ఉస్మానియాలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. చేసిన తప్పులు చెప్పగలను.

మొదటి తప్పు, ఫోనులో "అంబులెన్స్ కావాలి" అనడం. ఆ మాటకి అర్థం ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుంటారు. ఒకాయన ఐసీయూ బండి పంపిస్తానన్నాడు. వెంటిలేటరు, మానిటరు, డాక్టరు అన్నీ ఉంటాయట, మామయ్యకి వాటిలో ఒక్కటీ అక్కర్లేదు. ఇంకొకాయన తక్కువ ధర చెప్పి ఒక చిన్న వ్యాను పంపాడు. అది గుమ్మంలోకొచ్చాక చూస్తే స్ట్రెచర్ పొట్టిది, మామయ్య పొడుగు. పాదాలు తలుపుకి ఆనుతున్నాయి. పక్కన మనిషి కూర్చుంటే తల పైకప్పుకి తగులుతోంది. అందులో ఏడు వందల కిలోమీటర్లు! అడ్వాన్సు వదులుకుని బండి తిప్పి పంపేశాం. తప్పు బండివాడిది కాదు. పొడుగెంతో మేం చెప్పలేదు, అతను అడగలేదు.

నిజానికి మన దేశంలో ఈ బళ్లకి ఒక లెక్క ఉంది. ఏఐఎస్ 125 అని వాహన పరిశ్రమ ప్రమాణం. అందులో అంబులెన్సులు నాలుగు రకాలు. 'ఎ' రకం ముందుగా వెళ్లి ప్రథమ చికిత్స చేసేవారిది. 'బి' రకం పేషెంట్ ట్రాన్స్‌పోర్ట్ వెహికిల్, అంటే ఆపద రాదనుకున్న రోగిని మోసుకెళ్లే బండి. 'సి' రకం బేసిక్ లైఫ్ సపోర్ట్, 'డి' రకం అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్. మాకు కావలసింది 'బి'. ఆ అక్షరం చెబితే చాలామంది బండివాళ్లకి తెలియదు. వాళ్ల భాషలో అడగాలి. "పేషెంటు స్టేబుల్‌గా ఉన్నారు, డిశ్చార్జి అయి ఇంటికి వెళ్తున్నారు. ఆక్సిజన్ అక్కర్లేదు. పడుకుని వెళ్లాలి. మనిషి ఆరడుగులు. పక్కన ఇద్దరం కూర్చుంటాం. ట్రావెలరా, వింగరా, ఏ బండి పంపిస్తారు? ఫోటో పంపండి." ఇలా అడిగిన రోజు అవతలి గొంతు మారిపోయింది. తెలిసినవాళ్లతో మాట్లాడుతున్నామని వాళ్లకి అర్థమైంది.

అంబులెన్స్ అన్న మాట ఫ్రెంచిది. సైన్యం వెంట నడిచే ఆస్పత్రికి ఆ పేరు. నెపోలియన్ దగ్గర లారే అని ఒక సర్జన్ ఉండేవాడు. 1790ల్లో యుద్ధభూమిలోంచి గాయపడ్డవాళ్లని గుర్రపు బండి మీద వెంటనే తరలించే పద్ధతి పెట్టాడు. నడక అన్న ధాతువు లోంచి పుట్టిన మాట, చివరికి నడవలేనివాడి బండి పేరైంది. మా మామయ్యకి ఈ సంగతి చెబితే, "అయితే నన్నూ నడిపించుకునే తీసుకుపోండి" అన్నాడు.

సరే. డాక్టరుని అడగవలసిన మొదటి ప్రశ్న, "ఎప్పుడు వెళ్లొచ్చు" అన్నది కాదు. "కూర్చుని వెళ్లొచ్చా, పడుకునే వెళ్లాలా? ఎంతసేపు?" అన్నది. కూర్చోగలిగితే మామూలు కారు చాలు. కూర్చోగలరు గాని ఎక్కలేరు, దిగలేరు అంటే చక్రాల కుర్చీ, ఎత్తే మనుషులు కావాలి. పడుకునే వెళ్లాలంటే స్ట్రెచర్ బండి. ధర, బండి, మనుషులు, బయల్దేరే వేళ అన్నీ ఆ ఒక్క జవాబు మీద ఆధారపడి ఉంటాయి. ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి. ఆక్సిజన్ కావాలా వద్దా అన్నదీ అందులోనే రాయించుకోండి. ఆ కాగితం చూపిస్తే ఐసీయూ బండి అంటగట్టడం ఎవరి తరమూ కాదు.

మా క్యాంపస్‌లో ఒక కుర్రాడి సంగతి దీనికి ఉదాహరణ. బెల్లంపల్లి వైపు పిల్లవాడు, పీజీ. బైకు మీంచి పడి కాలు విరిగితే తొడ దాకా సిమెంటు కట్టు వేశారు. సెలవులొచ్చాయి, హాస్టల్లో ఎవరూ ఉండరు. స్నేహితులు చందాలు వేసుకుని నా దగ్గరికొచ్చారు. "సార్, అంబులెన్స్ మాట్లాడాలె." నేను అడిగాను, కూర్చుంటాడా? "కూసుంటడు సార్, కాలే మడవరాదు." అయితే అంబులెన్సెందుకు? పెద్ద కారు వెనక సీటు ఖాళీ చేసి, వీపుకి తలుపు వైపు దిండ్లు పెట్టి, కాలు సీటు పొడుగునా చాపించాం. మడమ కింద మెత్త. ఒక స్నేహితుడు ముందు సీట్లో. రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, కరీంనగర్ మీదుగా పోయారు. నేను చెప్పింది ఒక్కటే: గంటకోసారి కట్టు బయటికి కనిపించే వేళ్లు చూడండి. చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, కట్టు లోపల నొప్పి పెరిగిపోతున్నా ఇంటికి చేరేదాకా ఆగొద్దు, దారిలో ఏ ఆస్పత్రి కనపడితే అక్కడ దిగండి. అలాంటిదేమీ రాలేదు. సిద్దిపేట దగ్గర చాయ్ తాగుతూ ముగ్గురూ ఫోటో దిగి పంపించారు. అంబులెన్సుకయ్యే దాంట్లో సగం కూడా ఖర్చు కాలేదు.

మామయ్య విషయంలో రైలు కూడా ఆలోచించాం. బొబ్బిలి జంక్షనే, రైలు ఉంది. కాని స్ట్రెచర్ బోగీ గుమ్మంలోంచి లోపలికి తిరగదు, ఎత్తి బెర్తు మీదికి చేర్చాలి. దిగేటప్పుడు బండి ఆగేది నిమిషాల లెక్క. కూర్చోగల రోగికి రైలంత సుఖం లేదు. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి వచ్చిపోయేవాళ్లు ఎంతోమంది రైలు మీదే వస్తారు, వాళ్లకి రైల్వే ఛార్జీలో రాయితీ ఉంది, వాడుకోవాలి. మాకు మాత్రం రోడ్డే దిక్కయింది.

ఇక ధర. ప్రైవేటు బండి కిలోమీటరు లెక్కన అడుగుతుంది. అది ఒకవైపు కిలోమీటర్లా, రెండువైపులా అని అడగండి. దాదాపు అందరూ రెండువైపులా కడతారు, ఎందుకంటే బండి ఖాళీగా తిరిగి రావాలి కదా. డ్రైవరు బత్తా విడిగానా? ఇద్దరు డ్రైవర్లా, ఒకడేనా? ఒక్కడితో పదిహేను గంటలు ఒప్పుకోకండి, ఎంత తక్కువ చెప్పినా సరే. టెక్నీషియన్ వస్తాడా, అతనికెంత? ఆగితే వెయిటింగ్ ఉందా? మెట్లెక్కి దించే మనుషులు బండితో వస్తారా? టోలు గురించి ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. జాతీయ రహదారుల ఫీజు నిబంధనల ప్రకారం అంబులెన్సుకి టోలు లేదు. ఈ లెక్కంతా నోటిమాటగా వద్దు, వాట్సాప్‌లో రాయించుకోండి. చాలా ఇన్సూరెన్సు పాలసీల్లో అంబులెన్సు ఖర్చంటే ఆస్పత్రికి తీసుకొచ్చేదే, ఇంటికి వెళ్లేది కాదు, ఆశ పెట్టుకోకండి.

ఖాళీగా తిరిగి వెళ్లడమన్నాను కదా, అసలు కిటుకు అక్కడే ఉంది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఒంగోలు నుంచి రోజూ బళ్లు రోగుల్ని తీసుకుని హైదరాబాదు పెద్దాస్పత్రులకి వస్తాయి. దింపేసి ఖాళీగా పోతాయి. వాటినే రిటర్న్ బండి అంటారు. దొరికితే ధర చాలా తగ్గుతుంది. ఒకప్పుడు నంబరు ప్లేటు చూసి కనుక్కునేవాళ్లం. ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం. 2019లో ఆంధ్ర అంతటికీ ఏపీ 39 అని ఒకటే పెట్టాక ఆ సుళువు పోయింది. ఇప్పుడు బండి పక్కన రాసిన ఊరి పేరు చదువుకోవాలి. నేను రెండు రోజులు సాయంత్రం పూట ఆస్పత్రుల గేట్ల దగ్గర అదే పని చేశాను. మా ఆవిడ నవ్వింది, "సినిమా పోస్టర్లు చదివినట్టు చదువుతున్నారు" అని. మూడో రోజు 'విజయనగరం' అని రాసిన ట్రావెలర్ కనిపించింది. డ్రైవరు టీ కొట్టు దగ్గర ఉన్నాడు. బొబ్బిలి అనగానే, "మా ఊరి పక్కనే బాబూ" అన్నాడు. బేరం అయిదు నిమిషాల్లో కుదిరింది.

ఒక హెచ్చరిక. కొన్ని ఆస్పత్రుల గేటు దగ్గర బయటి బండిని రానివ్వరు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆస్పత్రి దగ్గర ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడి అంబులెన్సు వాళ్లు బయటి బండిని అడ్డుకుంటే, ఒక తండ్రి పదేళ్ల కొడుకు శవాన్ని బైకు మీద తొంభై కిలోమీటర్లు తీసుకెళ్లాడు. అది పోయిన పిల్లవాడి సంగతి. బతికున్న రోగి విషయంలోనూ గేటు గేటే. మాకు ఆ బెడద లేకపోయింది, మేం బయల్దేరింది ఇంటి నుంచి కాబట్టి. ప్రతి పెద్దాస్పత్రి గుమ్మంలో ప్రీపెయిడ్ ఆటో బూత్ లాంటిది ఒకటి పెట్టి, కిలోమీటరు ధర బోర్డు మీద రాస్తే సగం బాధ తీరుతుంది. కోవిడ్ రోజుల్లో, 2020లో, అంబులెన్సు ధరలు సబబుగా నిర్ణయించమని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. జబ్బు పోయింది, బోర్డు రాలేదు.

మా వీధిలో ఆర్టీసీలో ముప్పై ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆర్టీసీ ఆస్పత్రికి మందులకి వెళ్తూ మా గేటు దగ్గర ఆగి మాట్లాడతారు. సలహా అడిగాను. "సార్, బండి ఎంత స్పీడ్ పోతదన్నది కాదు. బ్రేక్ ఎట్ల కొడ్తడన్నది చూడాలె. పండుకున్న మనిషికి బ్రేకే దెబ్బ. మీరు ముందుగాల ఆ బండ్ల పండుకొని క్యాంపస్‌ల ఒక చక్కర్ కొట్టున్రి" అన్నారు. ఇంత బతుకు బతికాక స్ట్రెచర్ మీద పడుకుని ఉస్మానియా క్యాంపస్ చుట్టడమా అనుకున్నాను. అయినా చేశాను. నలభై ఏళ్లు స్కూటరు మీద తిరిగిన రోడ్డే, ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి ఎన్‌సీసీ గేటు దాకా. పడుకుని వెళ్తే అది వేరే రోడ్డు. స్పీడ్ బ్రేకరు ఒక్కొక్కటీ నడుములో దిగుతుంది. కిటికీలోంచి చెట్ల కొమ్మలు తప్ప ఏమీ కనపడవు, మలుపు ఎటు వస్తుందో తెలియక కడుపులో తిప్పుతుంది. ఆ ఒక్క చక్కర్లో నాలుగు సంగతులు తెలిశాయి: పరుపు పలచన, ఇంకోటి వెయ్యాలి, నడుముకి బెల్టు ఉంది గాని భుజాలకి లేదు, ఏసీ గాలి సూటిగా మొహం మీద కొడుతుంది, వెనక తలుపు గడియ మోగుతుంది. నాలుగూ డ్రైవరు సరిచేశాడు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారు. ఒకసారి అక్కడ కొన్న వీణని హైదరాబాదు తెచ్చుకున్నాను. పనస కర్రతో చేసిన ఆ వీణ కుండ ఎక్కడ ఆనాలి, మెడ కింద ఏం పెట్టాలి, తాళ్లు ఎక్కడ వేయకూడదు అని ఆ పనివాడు నాకు అరగంట చెప్పాడు. మనిషిని సాగనంపేటప్పుడు ఆస్పత్రిలో మాకు అంతసేపు చెప్పినవాళ్లు లేరు. మేమే అడిగి తెలుసుకున్నాం. అవి చెబుతాను.

రెండు గంటలకోసారి బండి ఆపి మనిషిని కొద్దిగా ఒత్తిగిలించాలి, లేకపోతే పిరుదుల దగ్గర, మడమల దగ్గర పుండు పడుతుంది. తుంటి ఆపరేషన్ అయినవాళ్లకి రెండు కాళ్ల మధ్య దిండు ఉండాలి, కాలు మీద కాలు పడకూడదు. పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి, ఎందుకంటే కదలని కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మందు ఆ రోజు ఎప్పుడివ్వాలో డాక్టరుని అడగాలి. యూరిన్ బ్యాగు ఉంటే బయల్దేరేముందు ఖాళీ చేసి, ఎప్పుడూ నడుము కన్న కిందే వేలాడదీయాలి, ఒళ్లో పెట్టకూడదు. ముక్కులో గొట్టం ద్వారా ఆహారం ఇచ్చేవాళ్లకైతే తల వైపు ఎత్తుగా ఉంచాలి, పెట్టగానే బండి కదలకూడదు. షుగరు ఉంటే ఇన్సులిన్ ఐస్ డబ్బాలో. డిశ్చార్జి కాగితాలు, ఎక్స్‌రేలు పై సంచిలో, బట్టల అడుగున కాదు.

ఆక్సిజన్ మాకు అక్కర్లేకపోయింది. కావలసినవాళ్ల కోసం ఒక లెక్క చెబుతాను, పెన్సిలు తీసుకోండి. నల్లటి ఒళ్లు, తెల్లటి మెడ ఉన్న సిలిండర్లలో 'బి' టైపు అనేది మోయగలిగేది. నిండుగా ఉంటే అందులో 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్లు పెడితే 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు. బొబ్బిలికి పదిహేను గంటలు. చాలదు! నిమిషానికి 5 లీటర్లయితే అయిదు గంటలకే, విజయవాడ దాటకముందే అయిపోతుంది. "సిలిండర్ ఉంది సార్" అన్న మాట వినకండి. ఎన్ని, ఏ సైజువి, మీటరు ముల్లు ఎక్కడుంది అని చూడండి. ప్రయాణానికి ఎంత కావాలో లెక్కగట్టి, దానికి సగం అదనంగా పెట్టండి. దారిలో ట్రాఫిక్ మన లెక్క వినదు.

బయల్దేరే రోజు వచ్చింది. తెల్లవారుజామున 4 గంటలకి అనుకున్నాం. మే నెల కాదు గాని ఎండ అప్పటికే ముదిరింది. చల్లటి వేళ ఉప్పల్, నాగోలు, ఎల్బీ నగర్ దాటేస్తే సూర్యుడు వచ్చేసరికి చౌటుప్పల్ దాటవచ్చు. అన్నీ సర్దుకున్నాం. బండి కింద నిలబడింది. స్ట్రెచర్ లిఫ్టు దగ్గరికి తెచ్చాం.

పట్టలేదు.

పదేళ్లుగా ఎక్కి దిగుతున్న లిఫ్టు. ఆరుగురు నిలబడొచ్చని లోపల రాసి ఉంది. నిలబడ్డ మనుషుల లెక్క అది. పడుకున్న మనిషి ఒక్కడు కూడా పట్టడు. పడిపోయిన రోజు 108 కుర్రాళ్లు ఎలా దించారో కంగారులో మనసుకి పట్టలేదు. మెట్ల మీదే దించారు. ఇప్పుడు వాళ్లు లేరు. మెట్లేమో ఇరుకు, మధ్యలో రెండు మలుపులు, మలుపు దగ్గర ఎవరివో పూలకుండీలు. ఏడు వందల కిలోమీటర్లు ఒక ఎత్తు, ఆ మూడంతస్తుల మెట్లు ఒక ఎత్తు.

క్యాంపస్‌కి ఫోను చేశాను. ఆ వేళకి లేచి ఉండేది పోటీ పరీక్షల పిల్లలు, గ్రౌండులో పరుగు తీసే పోలీసు ఉద్యోగాల పిల్లలు. పావుగంటలో అయిదుగురు వచ్చారు, వాళ్లలో ఆ బెల్లంపల్లి కుర్రాడి స్నేహితుడొకడు. మామయ్యని దుప్పటిలో కాదు, చేతుల్లేని కర్ర కుర్చీ మీద కూర్చోబెట్టి, కాలు చాపించి ఒకడు ఆ కాలు పట్టుకుని, వీపు వెనక్కి వాల్చి దించారు. కూర్చోవడానికి మాకు అరగంట అనుమతి ఉంది కదా, అందులో తొమ్మిది నిమిషాలు వాడుకున్నాం. మామయ్య మలుపు దగ్గర మూలిగాడు. కింద స్ట్రెచర్ మీద బెల్టు కడుతుంటే మాత్రం, "ఏట్రా ఇది, కట్టెల మోపులా కట్టేస్తన్నారు" అన్నాడు. కుర్రాళ్లు నవ్వారు. ఊపిరి పీల్చుకున్నాం.

దారి గురించి ఎక్కువ చెప్పను. దారిలో ఎక్కడెక్కడ పెద్దాస్పత్రులున్నాయో ముందే ఒక చీటీ రాసుకున్నాను: నార్కట్‌పల్లి, సూర్యాపేట, విజయవాడ, ఏలూరు, రాజమహేంద్రవరం, విశాఖలో కేజీహెచ్. ఏది దగ్గరో డ్రైవరుకి తెలుసు గాని, నా జేబులో ఉంటే నాకు ధైర్యం. ఒక్కసారీ వాడలేదు. కోదాడ దాటి రామాపురం దగ్గర రాష్ట్రం మారేటప్పుడు ఒక జ్ఞాపకం వచ్చింది. 2021 మేలో, కోవిడ్ రెండో ఉప్పెనలో, హైదరాబాదు ఆస్పత్రులకి వస్తున్న అంబులెన్సులను ఇక్కడా, కర్నూలు వైపు పుల్లూరు టోలు దగ్గరా తెలంగాణ పోలీసులు ఆపేశారు. ఆస్పత్రిలో మంచం ఖాయమైనట్టు ముందే అనుమతి ఉండాలన్నారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. ఆ రోజుల్లో రోడ్డు మీద ఆగిన బళ్లలో ఉన్నవాళ్ల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మా తార్నాకకి ఆ పేరు తీగ కంచె వేసిన నాకా నుంచి వచ్చిందంటారు. నాకా అంటే రోగికి ఏమిటో నాకు ఆ నెలలో తెలిసింది. మామయ్యని తీసుకెళ్లిన రోజున మాత్రం అక్కడ ఎవరూ మమ్మల్ని పలకరించను కూడా లేదు. కాగితాలు పై సంచిలోనే ఉన్నాయి.

రాజమండ్రి దాటాక మామయ్యకి వాంతి వచ్చినట్టయింది. బండి ఆపించి, తల కాస్త ఎత్తుగా పెట్టించి, కిటికీ తెర తీసేశాం, బయటికి చూడమని. గోదావరి దాటేశామని విని, "చెప్పొద్దేటి, దణ్ణం పెట్టుకుందును" అని కోప్పడ్డాడు. విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం. బొబ్బిలి వచ్చేసరికి రాత్రి 8 దాటింది. పదహారు గంటలు. అక్కడ నేలమట్టం ఇల్లు, అరుగు, రెండే మెట్లు. వీధిలో సగం మంది నిలబడి ఉన్నారు, మోయడానికి చేతులకి కొదవ లేదు. అత్తయ్య హారతి పట్టబోతే డ్రైవరు, "ముందు మంచం మీద పడుకోబెట్టండమ్మా" అన్నాడు.

అమెరికాలో పేదవాళ్ల వైద్య పథకం మెడికెయిడ్‌లో ఆస్పత్రికి వెళ్లిరావడానికి వాహనం కూడా హక్కు. ఇంగ్లండులో అంబులెన్సు వేరు, ఆపద లేని రోగుల్ని తిప్పే సర్వీసు వేరు, రెంటికీ ఖర్చు ప్రభుత్వానిదే. 108ని నిలబెట్టుకున్న మనకి ఇది అసాధ్యం కాదు. వచ్చిన బళ్లు ఖాళీగా తిరిగిపోతున్నాయి, వెళ్లవలసిన రోగులు మేడల మీద ఎదురుచూస్తున్నారు. ఈ రెంటినీ కలపడానికి ఒక ఫోను నంబరు, ఆ ఫోను ఎత్తే ఇద్దరు మనుషులు చాలు. ఆరోగ్య సలహాలిచ్చే 104కి రోజూ ఎన్నో ఫోన్లు వస్తాయి, ఇదీ అక్కడే కలపవచ్చు. ఆరోగ్య శాఖలో ఎవరైనా వింటుంటే దయచేసి ఆలోచించండి.

ఆ నంబరు వచ్చేలోగా శ్రోతలకి ఒక పని. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు, ఈ రాత్రికే టేపు తీసుకుని మీ లిఫ్టు లోపలి పొడవు కొలవండి. మెట్ల మలుపు దగ్గర కుండీలుంటే తీయించండి. ఎత్తడానికి రాగల నలుగురి ఫోను నంబర్లు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మా లిఫ్టు లోపల నాలుగడుగుల రెండంగుళాలు. స్ట్రెచర్ ఆరున్నర.